పన్ను నోటీసు రెండింతలు వచ్చింది, కొళాయి ఒక్కటీ రాలేదు (కర్నూలు, కల్లూరు వైపు)

కొత్తిల్లు_కల్లూరు
ఇల్లు కట్టి చేరి పద్నాలుగు నెలలైంది. కల్లూరు వైపు కొత్త కాలనీ, పేరు వద్దులెండి. కొళాయి లేదు. చెత్త బండి మా వీధి మూల దాకా వచ్చి అక్కడే తిప్పుకుని పోతుంది. వీధి దీపం ఒకటుంది, అది పగలే వెలుగుతుంది. వారానికి రెండు ట్యాంకర్లు కొంటున్నాం, తాగడానికి క్యాన్లు. ఇదంతా సర్దుకున్నాం.

నిన్న ఇంటి పన్ను నోటీసు వచ్చింది. ఆరు నెలలకు 2,160. దాని కింది గడిలో మళ్లీ 2,160. ఒకే పన్ను రెండుసార్లు వేశారు. పోయి అడిగితే "సిస్టమ్‌లో అట్లే ఉంది సార్" అన్నారు. నీళ్లివ్వకుండా పన్ను అడగొచ్చా? అదీ రెండుసార్లు? కట్టకపోతే ఏం చేస్తారు? మా ఆవిడ "నీళ్లొచ్చిన రోజు కడతామని కాగితం రాసి పంపు" అంటోంది. రాద్దామనే ఉంది.

జొన్నరొట్టె518
రెండోది పగలు వెలిగే దీపానికేమో అన్నా.

బుధవారపేట_బాషా
కొళాయి ఉన్నోళ్లం సుఖపడుతున్నాం అనుకోవద్దు. మా పాతబస్తీలో రోజు మార్చి రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకు అరగంట. అందులో మొదటి పది నిమిషాలు గాలి. ఆ గాలికీ చార్జీ కడుతున్నాం.

ఎర్రగడ్డ_రేటు
బాషా భాయ్, గాలి వచ్చేటప్పుడు బుస్సుమని శబ్దం వస్తుంది కదా, అదే అలారం. మా అమ్మ దానికే లేస్తుంది. ఫోన్ అలారం ఎన్నిసార్లు మోగినా లేవదు.

సీక్యాంపు_రిటైర్డు
ముప్పై ఏళ్లు రెవెన్యూ విభాగాల్లో పనిచేశాను (ఏ ఊళ్లో అని అడగొద్దు). కొత్తిల్లు గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు చేదుగా ఉంటుంది. అడగొచ్చు. ఇంటి పన్ను కొళాయికి కట్టే రుసుము కాదు. మీకు ఇల్లనే ఆస్తి ఉంది కాబట్టి వేసేది. నీటి చార్జీ వేరు, అది కనెక్షన్ ఇచ్చాక. "నాకేం చేశావు, నేనెందుకు కట్టాలి" అనే వాదన పన్ను దగ్గర నిలబడదు.

లెక్క కూడా చెప్తాను, చాలామందికి ఇంకా పాత అద్దె లెక్కే అనే భ్రమ ఉంది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో పన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ విలువ ఎంతో చూసి, నివాసమైతే అందులో నూటికి పది పైసల నుంచి యాభై పైసల మధ్య, దుకాణమైతే ఇరవై పైసల నుంచి రెండు రూపాయల మధ్య. మీ స్థలం, కట్టడం కలిపి విలువ 28,80,000 అనుకుందాం. రేటు పదిహేను పైసలైతే ఏడాదికి 4,320. ఆరు నెలలకు 2,160. అంటే మొదటి గడి సరిగ్గానే ఉందనిపిస్తోంది.

పాత ఇళ్లకు ఒక్కసారిగా పెరగకుండా 15 శాతం పరిమితి పెట్టారు. కొత్తగా లెక్కలోకి వచ్చిన ఇంటికి ఆ గొడుగు లేదు. అందుకే పక్కింటి పాత మిద్దెకు తక్కువ, మీకు ఎక్కువ కనిపిస్తుంది.

కట్టకపోతే? గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. మొదటి అర్ధ సంవత్సరానికి జూన్ 30, రెండో దానికి డిసెంబర్ 31. కాగితం రాసి పంపండి, తప్పులేదు. వడ్డీ మాత్రం ఆ కాగితం చదవదు.

జొన్నరొట్టె518
నూటికి రెండు రూపాయల వడ్డీ! మా ఊళ్లో వడ్డీ ఆసామిది కూడా ఇదే రేటు. కాకపోతే ఆయన ఇంటికొచ్చి టీ అయినా తాగి పోతాడు.

సీక్యాంపు_రిటైర్డు
నవ్వండి. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

కొత్తిల్లు గారూ, రెండో గడి దగ్గర నాకు అనుమానంగా ఉంది. ఒకే అంకె రెండుసార్లు వచ్చిందంటే పొరపాటే అని తేల్చేయకండి. ఆ గడి పైన ఏం రాసుందో చూసి చెప్పండి.

కొత్తిల్లు_కల్లూరు
చూసేదేముంది సార్, కంప్యూటర్ తప్పే. పైన ఏదో ఇంగ్లీషు పొట్టి అక్షరాలున్నాయి. నోటీసు మా తమ్ముడి దగ్గరుంది, రేపు చూస్తా.

అనంత_చెనక్కాయ
అనంతపురం నుంచి. మాకు పెన్న అహోబిలం రిజర్వాయర్ నుంచి నీళ్లొస్తాయి. ఊరు నాలుగు దిక్కులా పెరిగింది, పైపులు మాత్రం ఊరి మధ్యలోనే ముసలివైపోతున్నాయి. మా చెల్లెలు వాళ్ల కాలనీలో బోరు 900 అడుగులు. పోసుకుంటే సబ్బు నురుగు రాదు. మీకేమప్పా, తుంగభద్ర, హంద్రి రెండు నదులు పెట్టుకుని నీళ్లు లేవంటారు!

హంద్రి_గట్టు
రెండు నదులు ఉన్నాయని 2009 అక్టోబర్ 2న బాగా తెలిసింది మాకు. ఆ రోజు నీళ్లు లేవని ఎవరూ అనలేదు.

బుధవారపేట_బాషా
ఆ వరద మాట గుర్తు చేయొద్దు భాయ్. మా ఇంట్లో గోడ మీద గుర్తు ఇంకా ఉంది. సున్నం వేసినప్పుడల్లా నాన్న ఆ గీత మాత్రం వదిలేయమంటాడు.

తుంగ_లెక్కలోడు
అనంత అన్న ప్రశ్నకు నాకు తోచిన లెక్క. మనకు నీళ్లిచ్చే సుంకేసుల బ్యారేజీ (తుంగభద్ర మీద) నిండితే దాదాపు 1.2 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలనేది ఇంజినీర్ల కొలమానం. ఊళ్లో ఐదు లక్షల మంది అనుకుంటే రోజుకు 6.75 కోట్ల లీటర్లు. గుణించి భాగించి చూడండి, కాగితం మీద నిండు బ్యారేజీ ఏడాదిన్నరకు దగ్గరగా రావాలి!

రాదు. ఎందుకంటే ఆ బ్యారేజీ మన ఒక్కరి కోసం కట్టింది కాదు. కేసీ (కర్నూలు-కడప) కాలువ మొదలయ్యేదే అక్కడ, పొలాలకు పోతుంది. అడుగున మేట ఉంది, ఎండకు ఆవిరి ఉంది. నది ఎగువ నుంచి నడుస్తున్నన్ని రోజులు ఇబ్బంది లేదు. ఎండాకాలంలో నది ఇసుక తేలాక చూడాలి మన తిప్పలు. అప్పుడు గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి హంద్రిలోకి వదలండని అడుక్కోవాలి, లేదా పైన డ్యాం నుంచి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు హోస్పేటలో పోయింది మనకెందుకు అన్నవాళ్లు ఉన్నారు. ఆ గొలుసు రెండో కొస మన కొళాయికే కట్టుంది.

కొత్తిల్లు_కల్లూరు
లెక్క బాగుంది కానీ మాకు కొళాయే లేదు కదా అన్నా. నది నిండినా ఎండినా మాకొకటే.

తుంగ_లెక్కలోడు
అదీ నిజమే 😄

పైపుపానా
నేను ప్లంబర్‌ని. ఇరవై ఏళ్లుగా ఈ ఊరి గుంతల్లోనే బతుకు. బాషా భాయ్ చెప్పిన గాలి సంగతికి వస్తా. మీ వీధిలో ఎంతమంది కొళాయికి నేరుగా మోటారు బిగించారో లెక్కపెట్టుకోండి. నీళ్లు వదిలిన నిమిషానికి పది మోటార్లు లాగుతాయి. చివరి ఇంటికి గాలి కాక ఏం వస్తుంది?

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే పైపులో లోపలి ఒత్తిడి వల్ల లీకుంటే నీళ్లు బయటికి పోతాయి. మనది రోజు మార్చి రోజు అరగంట నడిచే పైపు. మిగతా సమయం ఖాళీ. ఖాళీ పైపును మోటారు పీల్చితే లీకు దగ్గర బయటి మురుగు లోపలికి వస్తుంది. మన ఊళ్లో కొళాయి పైపు ఎక్కువ చోట్ల డ్రైనేజీ కాలువలోంచే దాటుతుంది. మొదట వచ్చే నీళ్లు రంగుగా ఉన్నాయంటే తుప్పే అనుకోకండి. పది నిమిషాలు పారబోసి పట్టుకోండి.

ఎర్రగడ్డ_రేటు
అరగంటలో పది నిమిషాలు గాలి, పది నిమిషాలు పారబోత. ఇక పది నిమిషాల్లో ఏడు మంది స్నానం.

బుధవారపేట_బాషా
పైపు అన్నా, నిజం చెప్తా. మా ఇంట్లో కూడా మోటారుంది. తీసేస్తా, కానీ ఎదురింటాయన ముందు తీయాలి.

పైపుపానా
ఎదురింటాయనకూ నేనే బిగించా భాయ్. ఆయన కూడా ఇదే మాట అన్నాడు.

జొన్నరొట్టె518
ఈ థ్రెడ్‌లో నేరస్థులంతా ఒక్కొక్కరే బయటపడుతున్నారు.

టీచరమ్మ_ఐదోక్లాస్
మా బళ్లో వాంతులు విరేచనాలని పిల్లలు వరసగా మానేసిన వారం ఒకటుంది, అందుకని ఇది రాస్తున్నా. కొళాయి నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న కిట్టు దొరుకుతుంది, రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. చివరి ఇంటి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర బాగానే ఉంటుంది. అడగాల్సింది చివరి కొళాయి దగ్గర పరీక్ష చేయమని. మేం వార్డు సచివాలయంలో నీళ్ల సంగతి చూసే అమెనిటీస్ సెక్రటరీకి రాసిస్తే మర్నాడే వచ్చి చూశారు. అన్ని చోట్లా ఇలాగే స్పందిస్తారని చెప్పను, మా చోట వచ్చారు.

కొత్తిల్లు_కల్లూరు
నోటీసు తెచ్చా. రెండో గడి పైన "యూఏసీ పెనాల్టీ" అని ఉంది. ఇదేంటి?

సీక్యాంపు_రిటైర్డు
అనుకున్నా. అనుమతి లేని కట్టడం మీద జరిమానా అది. పన్ను రెండుసార్లు వేయలేదు. ప్లాన్ నుంచి కొంచెం దారి తప్పి కడితే పన్నులో పావు వంతు, సగం అలా వేస్తారు. అసలు ప్లానే లేకుండా కడితే పన్నుకు పన్నంత. మీది రెండో రకం. క్షమించండి, ఇలా ముఖం మీద చెప్పాల్సి వచ్చింది.

కొత్తిల్లు_కల్లూరు
ప్లాన్ ఉంది సార్! మేస్త్రి తెలిసినాయనతో గీయించి ఇచ్చాడు, నీలం కాగితం, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. "అంతా నేను చూసుకుంటా" అన్నాడు. అరవై వేలు తీసుకున్నాడు.

సీక్యాంపు_రిటైర్డు
ప్రొసీడింగ్స్ ఉందా? నంబరు, తేదీ వేసి అనుమతి ఇచ్చినట్టు ఉత్తరం. ఇప్పుడు అనుమతులన్నీ ఆన్‌లైన్‌లోనే వస్తాయి, ఆ నంబరు కొట్టి చూస్తే కనపడాలి. నీలం కాగితం మీదున్నది గీసినాయన ముద్ర. అనుమతి ఇచ్చిన వాళ్ల ముద్ర వేరు.

పైపుపానా
అరవై వేలు అంటే మేస్త్రి గట్టివాడే.

జొన్నరొట్టె518
అన్నా బాధలో ఉన్నాడు, ఇప్పుడు జోకులు వద్దు. (రేపు వేస్తా.)

కొత్తిల్లు_కల్లూరు
ప్రొసీడింగ్స్ లేదు. రాత్రంతా బీరువా వెతికా. మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదు. మా ఆవిడ మాట్లాడటం లేదు. నిన్నటి దాకా వాళ్లను తిట్టుకుంటూ ఉన్నా, ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియట్లేదు.

మిద్దె_మీద_ట్యాంకు
తప్పంతా మీదే అనుకోకండి. ప్లాన్ లేదని తెలిసిన వాళ్లు పునాది తీసేటప్పుడు రావాలి కదా? స్లాబు పడి, సున్నం వేసి, గృహప్రవేశం భోజనాలు తిన్నాక గుర్తొచ్చిందా? జరిమానా వేసుకుంటూ పోతే అది ఒక రకంగా అనుమతి అమ్ముకోవడమే. నేను దీనికి ఒప్పుకోను.

సీక్యాంపు_రిటైర్డు
మీ కోపంలో న్యాయముంది. ఒక్క సవరణ. జరిమానా కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. ఎన్నేళ్లు కట్టినా అది అక్రమంగానే ఉంటుంది. "పన్ను రసీదు ఉంది కదా, ఇల్లు నాదే, అంతా సరే" అనుకునేవాళ్లు చాలామంది. పన్ను రసీదు హక్కు పత్రం కాదు.

కొత్తిల్లు గారూ, ఇంకో ప్రశ్న అడగక తప్పదు. మీ స్థలం లేఅవుట్ అప్రూవ్డా?

కొత్తిల్లు_కల్లూరు
పంచాయతీ లేఅవుట్ సార్. అప్పట్లో సర్పంచి సంతకం ఉంది.

సీక్యాంపు_రిటైర్డు
మీ కొళాయి రాకపోవడానికి కారణం అక్కడుంది.

సరైన లేఅవుట్‌లో రోడ్లూ, కనీసం నూటికి పది వంతులు ఖాళీ స్థలమూ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) రాసివ్వాలి. అప్పుడే ఆ రోడ్డు ప్రజల రోడ్డు. దాని కింద పైపు వేయొచ్చు, కాలువ కట్టొచ్చు, దీపం పెట్టొచ్చు. మీ వీధి కాగితాల్లో ఇంకా ఆ పాత రైతు పేరు మీదో, వెంచర్ వేసినాయన పేరు మీదో ఉండుంటుంది. ప్రైవేటు స్థలంలో ప్రజల డబ్బుతో పైపు వేస్తే ఆడిట్‌లో రాసేస్తారు. అందుకే ఇంజినీర్లు "చూస్తాం" అంటారు గానీ ఎస్టిమేట్ వేయరు. కారణం నోటితో చెప్పరు, అదే వాళ్ల తప్పు.

చెత్త బండి వీధి మూలలో తిరిగిపోవడానికి కూడా అదే కారణం కావచ్చు. లేదా డ్రైవర్ బద్ధకం కావచ్చు. అది నేను చెప్పలేను.

హంద్రి_గట్టు
ఇదే అదనుగా ఒక మాట. ఊరు అటు పెరుగుతోంది అంటే అందరూ పొలాల వైపు చూస్తారు. ఆ పొలాల మధ్య వంకలుంటాయి, వాన నీళ్లు పారే వాగులు. వెంచర్ వేసేటప్పుడు ముందు పూడ్చేది వాటినే. మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) తీయించి వంక గీత ఎక్కడుందో చూసుకోండి. కొళాయి నీళ్లు రాకపోయినా బతకొచ్చు, వంక నీళ్లు వస్తేనే కష్టం.

కడప_గడప
దీనికి నా ఓటు. మా బుగ్గవంక 2020 నవంబర్లో రాత్రికి రాత్రి ఇళ్లలోకి వచ్చింది. వాన నీళ్లకు దారి వదలని వీధులన్నీ వంకలైపోయాయి. మా మేనమామ బియ్యం డ్రమ్ము తేలుతూ గుమ్మం దాటి పోయింది. గడప ఎంత ఎత్తు కట్టినా సరిపోలేదు.

జొన్నరొట్టె518
పేరులోనే గడప ఉన్న ఊరికి ఆ గతి పట్టిందంటే మిగతా ఊళ్ల సంగతేంటి.

కొత్తిల్లు_కల్లూరు
సరే, వంక లేదు, చూశా. ఇప్పుడు నేనేం చేయాలి? వరసగా చెప్పండి ఎవరైనా. ఇల్లు కూల్చేస్తారని మా నాన్నకు టెన్షన్ పట్టుకుంది, అన్నం సరిగా తినడం లేదు.

సీక్యాంపు_రిటైర్డు
నాన్నగారికి అన్నం పెట్టండి ముందు. రెండస్తుల ఇల్లు, సొంత స్థలం, రోడ్డు మీదికి రాలేదు, వంక లేదు. అలాంటి ఇంటి జోలికి మామూలుగా ఎవరూ జేసీబీ తేరు.

స్థలాన్ని సక్రమం చేసుకోవడానికి ఎల్ఆర్ఎస్, కట్టడాన్ని సక్రమం చేసుకోవడానికి బీపీఎస్. రెండూ వేరు, జనం కలిపేస్తుంటారు. ఎల్ఆర్ఎస్‌లో మీ వెంచర్‌లో వదలాల్సిన ఖాళీ స్థలానికి బదులు మీ ప్లాటు వంతు డబ్బు కడతారు. ఇవి ఎప్పుడూ తెరిచి ఉండే తలుపులు కావు, ప్రభుత్వం జీవో ఇచ్చినప్పుడే తెరుస్తారు. ఎల్ఆర్ఎస్ 2020లో ఒకసారి తెరిచారు, 2025లో మళ్లీ. గడువు ఎప్పటి దాకా అన్నది వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగి రాతలో తీసుకోండి. ఫోన్లో చెప్పింది నమ్మొద్దు, నేను చెప్పింది కూడా.

జరిమానాతో సహా పన్ను మాత్రం కట్టేయండి. వడ్డీ పెంచుకోవడం వల్ల లాభం లేదు. వాట్సాప్‌లో ప్రభుత్వం వాళ్ల 'మన మిత్ర' సేవలో కట్టొచ్చు, క్యూ అక్కర్లేదు.

మిద్దె_మీద_ట్యాంకు
నేనైతే కట్టను. 2025 మార్చిలో బకాయిలున్న వాళ్లకు వడ్డీలో సగం మాఫీ చేశారు. బుద్ధిగా కట్టిన నేను పిచ్చోడినయ్యా. మళ్లీ చేస్తారు చూడండి.

సీక్యాంపు_రిటైర్డు
చేయొచ్చు. చేయకపోవచ్చు. మాఫీ వస్తుందని పంట అప్పు కట్టకుండా కూర్చున్న వాళ్లను మన జిల్లాలో చాలామందిని చూశాం కదా.

టీచరమ్మ_ఐదోక్లాస్
ఒక్కరే తిరగొద్దు అన్నా. కాలనీలో ఎన్ని ప్లాట్లుంటే అందరి సంతకాలతో వెళ్లండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, రసీదు నంబరు ఇస్తారు, అది పోగొట్టుకోవద్దు. అర్జీలో "నీటి సమస్య పరిష్కరించండి" అని రాయకండి, దానికి "పరిశీలనలో ఉంది" అనే జవాబు వస్తుంది. "ఫలానా సర్వే నంబరులోని రోడ్లు స్థానిక సంస్థకు అప్పగించారా, లేదా? లేకపోతే పైప్‌లైన్ ఎస్టిమేట్‌కు ఏం కావాలి?" అని అడగండి. అవును, కాదు అని చెప్పాల్సిన ప్రశ్న అయితే తప్పించుకోలేరు. అప్పటికీ కదలకపోతే పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

బుధవారపేట_బాషా
కార్పొరేటర్‌ని పట్టుకుంటే సరిపోయే దానికి ఇంత కథా?

మిద్దె_మీద_ట్యాంకు
ఏ కార్పొరేటర్ భాయ్? 2021 మార్చి ఎన్నికలకు ముందు ఏళ్ల తరబడి ఊరికి కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారి పాలనే. అప్పుడూ నీళ్లు అరగంటే, తర్వాతా అరగంటే.

బుధవారపేట_బాషా
తప్పు. అప్పుడు నలభై నిమిషాలు వచ్చేవి.

ఎర్రగడ్డ_రేటు
1953లో గుడారాలేసి రాజధాని నడిపిన ఊరిది. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఉద్యోగులకు కాలనీలే కట్టారు. మూడేళ్లలో రాజధాని హైదరాబాద్ పోయింది, క్యాంపులు మిగిలాయి. అప్పటి పైపులు కూడా మిగిలాయని నా అనుమానం.

పైపుపానా
అనుమానం కాదు. మొన్న తవ్వితే బయటపడిన పైపు మా తాత కంటే పెద్దది.

ఎర్రగడ్డ_రేటు
చెత్త బండి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. 2021లో ఇంటికి మూడు డబ్బాలిచ్చారు గుర్తుందా? ఆకుపచ్చ, నీలం, ఎరుపు. తర్వాత నెల నెలా చెత్త పన్ను అన్నారు, పెద్ద నగరాల్లో ఇంటికి 120 దాకా. ఎంత గొడవ జరిగిందో. 2024 ఆఖరుకు రద్దు చేశారు. డబ్బు పోయింది, డబ్బాలు మిగిలాయి. మా ఇంట్లో ఆకుపచ్చదాంట్లో ఎర్రగడ్డలు, నీలందాంట్లో జొన్నలు, ఎర్రదాంట్లో మా వాడి క్రికెట్ సామాను.

హంద్రి_గట్టు
తడి, పొడి, క్రికెట్.

మూడోవీధి_మున్నీ
నవ్వుతారు గానీ, బండి అమ్మాయి విజిల్ వేసినప్పుడు అన్నీ ఒకే సంచిలో కట్టి పడేసేది మనమే కదా. ఆవిడ బండి మీద నిలబడి చేతులతో వేరు చేస్తుంది. గాజు ముక్క కోసుకుని చేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది మొన్న. పన్ను రద్దయినందుకు సంతోషమే. కానీ ఆ గుడ్డ చూశాక నేను గాజు పెంకులు పేపర్లో చుట్టి విడిగా ఇస్తున్నా.

టీచరమ్మ_ఐదోక్లాస్
మున్నీ అక్కా, మంచి మాట. పిల్లలతో కూడా ఇదే చెప్పిస్తా.

నిర్వాహకులు
పార్టీల పేర్లు పెట్టి తిట్టుకున్న ఆరు పోస్టులు తీసేశాం. ఒక మేస్త్రి ఫోన్ నంబరు పెట్టిన పోస్టు కూడా. థ్రెడ్ తెరిచే ఉంటుంది.

కొత్తిల్లు_కల్లూరు
మూడు నెలల తర్వాత వస్తున్నా. ఎవరైనా ఉన్నారా?

కాలనీలో 41 ప్లాట్లు. మొదటి మీటింగ్‌కు ఆరుగురం. పన్ను నోటీసులో రెండో గడి ఏంటో చెప్తే రెండో మీటింగ్‌కు ముప్పై మంది వచ్చారు! అందరూ నాలాగే రెండుసార్లు వేశారనుకున్నారు. అందులో ఎనిమిది మందికి అదే మేస్త్రి, అదే నీలం కాగితం.

టీచరమ్మ గారు చెప్పినట్టే అర్జీలో ప్రశ్న అడిగాం. ఇరవై రోజులకు రాతలో వచ్చింది: రోడ్లు అప్పగించలేదు. రిటైర్డు సార్ చెప్పింది అక్షరాలా అంతే. వెంచర్ వేసినాయన చనిపోయారు, కొడుకులు ఇద్దరు, ఒకరు బెంగళూరు. పెద్దాయన సంతకానికి ఒప్పుకున్నాడు, బెంగళూరాయన సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాం అన్నాడు. మనిషి మంచివాడే, అన్నతో పొలం గట్టు తగాదా ఉంది, దాని మధ్యలో మేం ఇరుక్కున్నాం. 27 మంది ఎల్ఆర్ఎస్ దరఖాస్తు పెట్టారు. మిగతా వాళ్లు "ముందు మీకు రానీ" అంటున్నారు.

ఈలోగా వారానికి రెండుసార్లు ఉచిత ట్యాంకర్ వేయించారు. వీధిలో ఎవరి డ్రమ్ము ముందుండాలో దాని మీద రెండు గొడవలైనాయి. పన్ను మొత్తం కట్టేశా. కొళాయి ఇంకా రాలేదు.

సీక్యాంపు_రిటైర్డు
సంక్రాంతికి ముందే డ్రాఫ్టు రాయించి పెట్టుకోండి. ఆయన మూడు రోజులకే వెనక్కి పోతాడు. పండగ సెలవుల్లో రిజిస్ట్రార్ ఆఫీసు ఎప్పుడు తెరుస్తుందో ముందే కనుక్కోండి. లేకపోతే ఉగాది అంటారు.

బుధవారపేట_బాషా
నేను మోటారు తీసేశా. ఎదురింటాయన తీయలేదు. ఇప్పుడు నాకు ఇరవై నిమిషాలు గాలి.

జొన్నరొట్టె518
కొత్తిల్లు అన్నా, వీధి దీపం సంగతి చెప్పలేదు.

కొత్తిల్లు_కల్లూరు
దానికీ అర్జీ పెట్టా. వచ్చి బాగుచేశారు. ఇప్పుడు పగలు వెలగడం లేదు. రాత్రి కూడా.